లెక్కకు రాని జ్వరాలు

నారికురుపు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. మన అమ్మమ్మలనడిగితే చెబుతారు. కాలి పుండులోంచి మూరెడు పైన పొడవుండే పురుగు దారంలా బయటికొచ్చేది. మనిషి వారాల తరబడి మంచం దిగలేకపోయేది. దానికి మందూ లేదు, టీకా లేదు. అయినా 1996లో రాజస్థాన్‌లో కనిపించినదే మన దేశంలో ఆఖరి కేసు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ధ్రువీకరించింది.

ఆ కార్యక్రమాన్ని నడిపించింది ఢిల్లీలోని ఒక కేంద్ర సంస్థ. 1909లో కసౌలీలో మలేరియా బ్యూరోగా పుట్టి, 2009 నుంచి జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం అన్న పేరుతో పనిచేస్తోంది. పథకం దానిదే కానీ, పని జరిగింది ఊళ్లలో. కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికారు. కాళ్లతో దిగి నీళ్లు ముంచుకునే దిగుడుబావుల బదులు చేతిపంపులు వచ్చాయి. ఆడవాళ్లు బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడగట్టారు.

ఇప్పుడా సంస్థకున్న చిక్కేమిటంటే, మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల బాధ్యత. ఢిల్లీ వాళ్లు సలహా ఇవ్వగలరు, నిపుణుల్ని పంపగలరు, పరీక్షలు చేసిపెట్టగలరు. అమలు మాత్రం రాష్ట్రం చేతిలోనే ఉంటుంది.

రెండో చిక్కు సమాచారం. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. జబ్బుని మొదట్లోనే పసిగట్టాలని 2004లో నిఘా పథకం మొదలైంది. ఏ.ఎన్.ఎమ్., ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, లేబరేటరీ ఎవరికివారు వివరాలు పంపాలి. కానీ జ్వరమొస్తే మనలో చాలామందిమి వెళ్లేది వీధి చివర ప్రైవేటు డాక్టరు దగ్గరికే కదా! అక్కడ తగ్గిన జ్వరాలు చాలావరకు లెక్కలోకే రావు.

ఇక ఊళ్లో కబురు మొదట తెలిసేది ఆశా కార్యకర్తకి. ఆమెను ప్రభుత్వం ఇప్పటికీ ఉద్యోగిగా కాక స్వచ్ఛంద కార్యకర్తగానే చూస్తోంది. ఇంత పెద్ద వ్యవస్థకి కన్నూ చెవీ అయిన మనిషికి ఆ గుర్తింపయినా లేకపోవడం న్యాయమా?

వంట కుదిరిన రోజు ఎవరూ నోరెత్తరు, ఉప్పెక్కువైతే ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. ఈ సంస్థ సంగతీ అంతే. రాని జబ్బుకి మెప్పుండదు, మెప్పులేని చోటికి నిధులూ అంత తేలిగ్గా రావు.

మన వీధిలో నాలుగిళ్లలో ఒకేసారి విరేచనాలో, జ్వరాలో మొదలైతే ఆశా కార్యకర్తకో, ఏ.ఎన్.ఎమ్.కో ఆ రోజే చెబుదాం. మనం చెప్పకపోతే ఢిల్లీకి తెలిసే దారేదీ?