అసలు, నకలు, జబాన్

తెలుగులో మనం రోజూ వాడే అసలు, నకలు రెండూ ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన మాటలే. కచేరీల్లో, కాగితాల్లో తిరిగి తిరిగి తెలుగు రైతు నాలుక మీద కూర్చున్నాయి. తహసీల్ ఆఫీసుకు పోయి పహాణీ నకలు కావాలని అడిగితే ఎవరూ దొంగ కాగితం అడిగాడనుకోరు. సంతకం, ముహర్ పడితే ఆ నకలు బ్యాంకులో చెల్లుతుంది, కోర్టులోనూ చెల్లుతుంది. ముహర్ లేకపోతే మాత్రం రద్దీవాడి తక్కెడలోకి పోవాల్సిందే.

పాత సినిమాలను మళ్లీ తీయడం గురించి బహస్ లేచినప్పుడల్లా రెండు గుంపులు తయారవుతాయి. పాతది ముట్టుకుంటే పాపం అనేది ఒక గుంపు. జమానా మారింది, మీ బ్లాక్ అండ్ వైట్ ఎవరు చూస్తారు అనేది రెండోది. నా మటుకు నాకు తేదీతో పేచీ లేదు. నకలు తీయడం ఐబ్ కాదు. దాని మీద ముహర్ ఉందా లేదా అన్నదే సవాల్.

ముందు మొదటి గుంపుతో రెండు ముక్కలు. మనం నెత్తిన పెట్టుకుని మోసే అసలులు కూడా చాలావరకు నకలులే, జనాబ్. దిలీప్ కుమార్ దేవదాస్ వచ్చింది 1955లో. దానికి రెండేళ్ల ముందే, 1953లో, మన నాగేశ్వరరావు, సావిత్రి తెలుగులో ఏడిపించేశారు. వాళ్లకన్నా ముందు 1930లలోనే పి.సి. బరువా బెంగాలీలో, హిందీలో తీశాడు, సైగల్ పాడాడు. బరువా దగ్గర ఆ సినిమాకి కెమెరా పట్టిన కుర్రాడే బిమల్ రాయ్. ఇరవై ఏళ్ల తరువాత దిలీప్‌తో మళ్లీ తీసింది అతనే. మొఘల్-ఎ-ఆజం సంగతీ అంతే. 1960 నాటి ఆ సినిమాకి వేరు ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన ఉర్దూ నాటకం అనార్కలీలో ఉంది. కె. ఆసిఫ్ కన్నా ముందే ఆ కథ చాలాసార్లు తెరకెక్కింది. ఐనా ఇవాళ అనార్కలీ అంటే మనకు మధుబాలనే యాద్‌కు వస్తుంది. అంటే నకలు అసలును దాటిపోవచ్చు. దాటింది కూడా.

రెండో గుంపుకూ ఒక ముక్క. జమానా మారితే చాలదు. 1974లో కృష్ణ, విజయనిర్మల తెలుగులోనే దేవదాసును మళ్లీ తీశారు. రంగులు ఉన్నాయి, స్టార్ ఉన్నాడు. జనం మాత్రం నాగేశ్వరరావునే పట్టుకుని కూచున్నారు. కొత్తదనం ఒక్కటే గెలిపించేదైతే అది గెలవాల్సింది.

మరి ముహర్ అంటే ఏమిటి? నా దృష్టిలో అది జబాన్.

ఉర్దూలో జబాన్ అంటే నాలుక. జబాన్ అంటే భాష కూడా. జబాన్ దేనా అంటే మాట ఇవ్వడం. నోటిలోని కండరం, నోటి నుంచి వచ్చే బోలీ, నోటితో చేసిన వాదా, మూడింటికీ ఒకే పదం. తెలుగులో మాట కూడా దాదాపు అంతే. మాట మాట్లాడతాం, మాట ఇస్తాం, మాట తప్పుతాం. ఉర్దూ మీడియం బడిలో ఒకటి నేర్చుకుని, తెలుగు డిగ్రీలో రెండోది చదివిన నాబోటివాడికి ఈ రెండు పదాలూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. పాత సినిమాల్లో మంచివి ఈ పదం మీద నిలబడినవి. మళ్లీ తీసినవాళ్లు కథ కొన్నారు, టైటిల్ కొన్నారు. జబాన్ మాత్రం పాత ఇంట్లోనే వదిలేసి వచ్చారు.

దలీల్ కావాలంటే జంజీర్ చూడండి. 1973లో ప్రకాశ్ మెహ్రా తీశాడు, సలీం–జావేద్ రాశారు. అందులో ప్రాణ్ వేసిన షేర్ ఖాన్ జూదం అడ్డాలు నడిపే పఠాన్. పోలీస్ స్టేషన్‌కు వచ్చి కూర్చోబోతే ఇన్‌స్పెక్టర్ విజయ్ కుర్చీని కాలితో తన్నేస్తాడు. నీ బలమంతా ఆ వర్దీదే అన్న అర్థం వచ్చేట్టు షేర్ ఖాన్ సవాల్ విసురుతాడు. విజయ్ వర్దీ విప్పి, ఒంటరిగా అతని మొహల్లాకు పోతాడు. ఇద్దరూ కొట్టుకుంటారు. ఆ కొట్లాటలో దోస్తీ పుడుతుంది. ఖాన్ అడ్డాలు మూసేస్తాడు, గ్యారేజీ పెట్టుకుని హలాల్ రోజీ మీద బతుకుతాడు. కాగితం లేదు, గవాహీ లేదు. జబాన్ ఇచ్చాడు, అంతే. సినిమా రెండో సగం కూడా ఒక మాట మీదే తిరుగుతుంది. పగ మానేస్తానని మాలకు మాట ఇచ్చి విజయ్ లోలోపల కుమిలిపోతాడు. ఆ దోస్త్‌ను నవ్వించడానికే షేర్ ఖాన్ ఖవ్వాలీ పాడతాడు. చివరికి మాలే ఆ మాట నుంచి అతన్ని విడిపిస్తుంది. మాట ఇవ్వడం, నిలబెట్టుకోవడం, విడిపించడం. జంజీర్ అంటే సంకెల. ఆ సినిమాలో అసలు సంకెల మాటే.

మరుసటి ఏడు, 1974లో, ఇది తెలుగులో నిప్పులాంటి మనిషి అయింది. ఎస్.డి. లాల్ దర్శకుడు, ఎన్.టి. రామారావు ఇన్‌స్పెక్టర్. కథను మక్కీకి మక్కీ దించారని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. మక్కీ అంటే ఈగ. అసలు కాగితం మీద ఈగ చచ్చి అతుక్కుని ఉంటే, నకలు రాసే మున్షీ కూడా ఒక ఈగను చంపి అదే చోట అతికించాడట! ఆ ఉర్దూ హాస్యం తెలుగులో నుడికారమై కూర్చుంది. సరే, మక్కీకి మక్కీయే అనుకుందాం. కానీ గమనించండి. షేర్ ఖాన్‌ను వాళ్లు షేర్ ఖాన్‌గానే ఉంచారు. ఏ నాయుడుగానో, రెడ్డిగానో మార్చేయడం ఎంతసేపు? కృష్ణా జిల్లా మనిషి కైకాల సత్యనారాయణ ఆ పఠాన్ వేషం కట్టి ఖవ్వాలీకి పెదవి కలిపితే తెలుగు జనం సొంతం చేసుకున్నారు. ఇప్పటికీ తెలుగులో స్నేహం మీద పాట అనగానే ముందు గుర్తొచ్చేవాటిలో అదొకటి. ఎందుకు అతికింది? జబాన్‌కు తెలుగులో మాట అనే తోబుట్టువు ఉంది కాబట్టి.

అదే ఏడు తమిళంలో ఇంకా తమాషా. ఎం.జి.ఆర్. ఇన్‌స్పెక్టర్ వేషంతో ఊరుకోలేదు. ముస్లిం దోస్త్ వేషం కూడా తానే వేసుకున్నాడు, డబుల్ యాక్షన్! ఒక రాష్ట్రంలో అందరికన్నా పెద్ద హీరోకి ఆ పాత్రను ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆ రోజుల్లో షేర్ ఖాన్ పాత్రకున్న ఇజ్జత్ అది.

ఇక 2013. హిందీలో జంజీర్, తెలుగులో తూఫాన్. రామ్‌చరణ్ హీరో. షేర్ ఖాన్‌గా హిందీలో సంజయ్ దత్, తెలుగులో శ్రీహరి. నటుల మీద నాకు షికాయత్ లేదు. శ్రీహరి భుజాలకు ఆ పాత్ర మోసే తాకత్ ఉంది. కానీ కథ ఆయిల్ మాఫియా చుట్టూ తిరుగుతుంది. బొంబాయి వీధుల్లో కత్తులకు సానపట్టి బతికే మాల స్థానంలో పెళ్లికని విదేశం నుంచి వచ్చిన అమ్మాయి దిగింది. కుర్చీ ఉంది, కొట్లాట ఉంది, పఠాన్ ఉన్నాడు. ఈగను కూడా అతికించారు. ఇచ్చిన మాటకు బరువు లేదు. మాటకు బరువు లేనప్పుడు ఆ దోస్తీ ఎందుకో చూసేవాడికి అర్థం కాదు.

ఇంకో సంగతి. 1973లో జంజీర్ పోస్టర్ల మీద రాసినవాళ్ల పేరు లేదు. సలీం–జావేద్ సొంత డబ్బుతో పెయింటర్‌ను పెట్టి బొంబాయిలో ఆ పోస్టర్ల మీద తమ పేరు వేయించుకున్నారన్నది సినిమావాళ్లందరికీ తెలిసిన కథ. నలభై ఏళ్ల తరువాత రీమేక్ వచ్చినప్పుడు తమ హఖ్ కోసం అదే ఇద్దరూ కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. జబాన్ రాసినవాడిని అడగకుండా జబాన్ ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక్కడ ఒక ఎతిరాజ్ రావచ్చు. డాన్ సంగతేమిటి భాయ్, అదీ సలీం–జావేద్‌దే కదా అని. నిజమే. 1978 డాన్, 1979లో రామారావు యుగంధర్ అయింది, 2009లో ప్రభాస్ బిల్లా అయింది. 2006లో జావేద్ కొడుకు ఫర్హాన్ అఖ్తర్ షారుఖ్‌తో తీసి, చివర కథనే తిప్పేశాడు. అన్నీ చూడబుల్‌గానే ఉన్నాయి. ఎందుకంటే డాన్ గడియారం లాంటి కథ. పళ్లచక్రాలు సరిగ్గా తిరిగితే చాలు, ఏ గోడకు తగిలించినా టైము చూపిస్తుంది. జంజీర్ అలా కాదు. అది మనుషుల మధ్య ఎతెబార్ మీద నడిచే కథ. ఏది గడియారమో, ఏది ఎతెబారో తెలుసుకోకుండా రెండింటినీ ఒకే సైజు స్క్రూడ్రైవర్‌తో విప్పితే ఎలా?

జబాన్ అంటే పదాలే అనుకునేవాళ్లకు ఉమ్రావ్ జాన్ మంచి సబఖ్. మిర్జా హాదీ రుస్వా నవల ఉమ్రావ్ జాన్ అదా 1899 నాటిది. ఆ అదా అనేది ఆమె తఖల్లుస్, అంటే కవిగా పెట్టుకున్న పేరు. ఆమె తవాయఫ్ మాత్రమే కాదు, షాయరా. 1981లో ముజఫ్ఫర్ అలీ ఈ సంగతి మరచిపోలేదు. షహర్యార్‌తో గజళ్లు రాయించాడు. ఖయ్యాం ఆశా భోంస్లేను ఆమె మామూలు శ్రుతి కన్నా కిందికి దించి పాడించాడు. రేఖ చూపు దించి, ఒక క్షణం ఆగి మాట్లాడుతుంది. ఆ ఆగడం కూడా లఖ్నవీ జబానే. రేఖకు, ఖయ్యాంకు, ఆశాకు ముగ్గురికీ నేషనల్ అవార్డులు వచ్చాయి.

2006లో జె.పి. దత్తా మళ్లీ తీశాడు. పాటలు రాసింది జావేద్ అఖ్తర్, ఆయనకు ఉర్దూ రాదని ఎవరంటారు? ఐశ్వర్యా రాయ్ అందం గురించి నేను చెప్పేదేముంది? పాత సినిమాలో కోఠా పెద్ద ఖానంగా వేసింది హైదరాబాద్‌లో పెరిగిన మన షౌకత్ కైఫీ. కొత్తదాంట్లో అదే పాత్ర ఆమె కూతురు షబానా ఆజ్మీకి ఇచ్చారు. వారసత్వం కూడా ఉంది, ఇంకేం కావాలి? ఐనా మూడు గంటల పైచిలుకు సినిమాలో షాయరా మాయమైపోయింది. ప్రేమలో ఓడి కన్నీళ్లు పెట్టుకునే అందగత్తె మిగిలింది. లిబాస్‌కు లోటు లేదు, ఆ మనిషి మిజాజ్ లేదు. ఆమె ఎందుకు కవిత్వం రాస్తుందో తెలియనివాళ్లకు ఆమె ఎందుకు ఏడుస్తుందో మాత్రం ఏం తెలుస్తుంది?

ఇప్పుడు చేదు సంగతికి వస్తాను. జబాన్ పోతే ఖాళీ మిగలదు. ఆ చోటులోకి ఇంకేదో వచ్చి కూర్చుంటుంది.

అగ్నిపథ్ 1990లో వచ్చింది, అమితాబ్ హీరో. విలన్ కాంచా చీనా. హీరోకి తోడుండే మదరాసీ కొబ్బరిబొండాల మనిషి కృష్ణన్ అయ్యర్‌గా మిథున్ చక్రవర్తి. 2012లో మళ్లీ తీసినప్పుడు ఆ అయ్యర్‌ను తీసేశారు. పాత సినిమాలో లేని ఒక కొత్త మనిషిని తెచ్చారు. పేరు రవూఫ్ లాలా. కళ్లకు సుర్మా, మత్తుమందుల వ్యాపారం, ఆడపిల్లల వేలం. రిషి కపూర్ అద్భుతంగా వేశాడు, సినిమా బాగా ఆడింది. పనితనంలో లోటు లేదని నేనే ఒప్పుకుంటాను.

ముస్లిం విలన్‌గా ఉండకూడదని నేను అనడం లేదు. ప్రతి ఖౌమ్‌లో బద్మాష్‌లు ఉంటారు, మాలోనూ ఉన్నారు. షేర్ ఖాన్ మాత్రం ఏం ఫరిష్తానా? జూదం అడ్డాలు నడిపినవాడే. కానీ అతనికి ఒక జబాన్ ఉంది, దాని కోసం మారే దారి ఉంది. రవూఫ్ లాలాకు సుర్మా ఉంది, టోపీ ఉంది, జబాన్ లేదు. పాత కథను కొత్తగా చెప్పేటప్పుడు ఏది తీసేశాం, ఏది కలిపాం అన్నదే ఆ జమానా మనసు. 1974లో ఎం.జి.ఆర్. ముస్లిం వేషం తనకే కావాలనుకున్నాడు. 2012లో కథలో లేని ముస్లింను పనిగట్టుకుని తెచ్చింది దేనికో మీరే చూశారు. నా బాధ సినిమా బాగుందా లేదా అన్నది కాదు. ఇవాళ్టి పిల్లలు జంజీర్ చూడరు, అగ్నిపథ్ ఫోన్‌లో చూస్తారు. మా పక్కింటి హిందూ పిల్లాడికి మేమెవరమో చెప్పేది ఆ సినిమా. మా పిల్లాడికి వాడెవడో చెప్పేది కూడా అదే.

మరి ముహర్ ఎవరు వేయగలరు? మన దగ్గరే ఒక నమూనా ఉంది. రామారావు అక్బర్ సలీం అనార్కలి తీశాడు. తానే అక్బర్, కొడుకు బాలకృష్ణ సలీం. సంగీతానికి, 1953 హిందీ అనార్కలీకి బాణీలు కట్టిన సి. రామచంద్రనే పిలిచాడు. రఫీతో తెలుగు పాడించాడు. మాటలు, పాటలు సినారె చేతిలో పెట్టాడు. సినారె ఎవరు? కరీంనగర్ పల్లెలో పుట్టి, ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగులో జ్ఞానపీఠ్ తెచ్చుకున్నవాడు. ఉమ్రావ్‌కు గజళ్లు రాసిన షహర్యార్‌కు వచ్చిందీ ఆ జ్ఞానపీఠే. ఆ సినిమా మొఘల్-ఎ-ఆజంకు సాటి అని నేను అనను. కానీ అక్బర్‌తో తెలుగు మాట్లాడించాలంటే రెండు జబాన్లూ తెలిసినవాడు కావాలన్న అఖల్ ఆ రోజు ఉంది. ఇంటికి తాళం వేసి ఉంటే గోడ దూకలేదు, తాళంచెవి ఉన్నవాడినే పిలిచారు.

రీమేక్ తీసేవాళ్లకు నేను చేసే గుజారిష్ చిన్నదే. హక్కులు కొనే డబ్బులో నాలుగు రూపాయలు జబాన్ తెలిసినవాడికి కేటాయించండి. షేర్ ఖాన్ నోట్లో మాట పెట్టే ముందు ఆ మొహల్లాలో నాలుగు రోజులు కూర్చున్నవాడిని అడగండి. పాత సీన్ ఎందుకు ఉందో తెలియకపోతే ఆ సీన్‌ను ముట్టుకోకండి. చూసేవాళ్లకూ ఒక గుజారిష్. కొత్తది చూడండి, మనా చేయను. కానీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని పాతది కూడా ఒకసారి చూపించండి. ఒక పఠాన్, ఒక పోలీసు ఏ కాగితమూ లేకుండా మాట మీద దోస్తులయ్యారని, దాన్ని ఈ దేశం మూడు భాషల్లో చప్పట్లు కొట్టి చూసిందని వాళ్లకు తెలియాలి. నకలు చేతికొచ్చిన రోజున ముహర్ ఉందో లేదో వాళ్లే చూసుకుంటారు.