చాకిరీని వ్యాయామం అనకండి

కడుపుతో ఉన్న ఆడపిల్లకి మా వైపు రెండు రకాల సలహాలు దొరుకుతాయండీ. ఖమ్మం టౌనులో, కాస్త జరుగుబాటున్న ఇళ్ళలో "కదలకు తల్లీ, మంచం దిగకు" అంటారు. అక్కణ్ణించి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవి వైపు వెళ్ళేకొద్దీ మాట తిరగబడుతుంది. "ఏం కాదు, పని చెయ్యి, పని చేస్తేనే కాన్పు తేలిక" అంటారు. మొదటిదానికి ప్రేమ అని పేరు, రెండోదానికి అనుభవం అని పేరు. నన్నడిగితే రెండూ తప్పే. రెండు చోట్లా ఆ పిల్ల ఒంటికి ఏం కావాలో ఆ పిల్లని అడిగినవాళ్ళు లేరు.

ముందు మంచం సంగతి చూద్దాం. మా ఎదురింటి అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరమ్మ చెప్పింది. అయినా మెట్లు దిగనివ్వరు, సాయంత్రం వీధి చివరిదాకా కూడా నడవనివ్వరు. పొద్దున్నే పాలు, పదింటికి పళ్ళు, నాలుగింటికి సున్నుండలు. ఇద్దరి తిండి తినాలట, ఒక్క అడుగూ వెయ్యకూడదట! నడుం నొప్పి, మలబద్ధకం, కాళ్ళ వాపు, గర్భిణుల్లో వచ్చే షుగరు, ఇవన్నీ కదలకుండా కూర్చున్న ఒంటిని తొందరగా పట్టుకుంటాయి. తక్కువమందికే అయినా, మంచానికే అతుక్కుపోతే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, వేరే సమస్యలు లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కాస్త వేడెక్కేలా కదలాలి. అంటే రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ మాత్రం నడకతో గర్భం పోదు. ఒకప్పుడు డాక్టర్లు కూడా భయపడ్డవాళ్ళే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 1985లో, వ్యాయామం చేసేటప్పుడు గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకి మించి కొట్టుకోకూడదని గీత గీసింది. 1994లో ఆ గీతని తనే తీసేసింది. వాళ్ళు మాట మార్చుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది, మన ఇళ్ళలో మాత్రం మంచం ఇంకా అక్కడే ఉంది.

మాయ కిందికి ఉన్నవాళ్ళు, గర్భసంచి మూతికి కుట్టు పడ్డవాళ్ళు, రక్తస్రావం అవుతున్నవాళ్ళు, బీపీ పెరిగినవాళ్ళు, రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి. ఆ ఆంక్ష వాళ్ళకి మందు లాంటిది. పక్కింటావిడకి రాసిన మందు మనం మింగం కదా, మరి ఆవిడకి చెప్పిన బెడ్ రెస్టు మనకెందుకు?

ఇక రెండో సలహా. నాకు అసలు కోపం దీని మీదే.

"మా అమ్మమ్మ తొమ్మిదో నెలలో నాట్లు వేసింది, సాయంత్రానికి కనేసింది" అని గొప్పగా చెప్పుకోని ఇల్లుందా మనలో? ఆ కథ చెప్పుకోవడానికి బతికి బయటపడ్డ అమ్మమ్మలు ఉన్నారు. బయటపడనివాళ్ళ కథ ఎవరు చెప్తారండీ? గెలిచినవాళ్ళని మాత్రమే లెక్కేసి, ఆ ఆట మంచిదే అంటే ఎలా?

మహారాష్ట్రలో పుణె దగ్గర పల్లెల్లో గర్భిణుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2003లో అచ్చయింది. వాళ్ళు చూసింది జిమ్ములకి వెళ్ళేవాళ్ళని కాదు, మనలాంటి పల్లె ఆడవాళ్ళని. పొలం పనీ ఇంటి పనీ మరీ ఎక్కువగా చేసిన తల్లులకి పుట్టిన పిల్లలు చిన్నగా పుట్టారని తేలింది. బరువులు మోయడం, గంటల తరబడి నిలబడి పనిచెయ్యడం వల్ల నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుందని వేరే దేశాల్లో చూసినవాళ్ళూ చెప్పారు. నడకా, ఈతా, సైకిలూ అలాంటి కీడు చెయ్యలేదు. కష్టపడే ఒళ్ళు అదే అయినా ఫలితం ఒకటి కాదన్నమాట.

ఎందుకో మా మిరపచేలల్లో చూస్తే తెలుస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలు కుటుంబాలే వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకుంటాయి. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళూ ఉంటారు. రోజంతా నడుం వంచి కోయాలి, నెత్తిన ఎండ, ముక్కులో కోరు. ఒంటేలుకి వెళ్ళే చాటు లేక మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మే నెలలో తునికాకు వస్తుంది. చీకటితో అడవికి వెళ్ళి ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకు తెచ్చి, యాభై ఆకులకి ఒక కట్ట చొప్పున కట్టాలి. కట్టల లెక్కనే కూలి. కాసేపు నడుం వాల్చిందీ అంటే ఆ మేరకు డబ్బు పోయినట్టే. ఎండాకాలంలో మా దగ్గర 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు.

దీన్ని వ్యాయామం అంటారా? లకారం ట్యాంక్‌బండ్ మీద చల్లటి పొద్దున అరగంట నడిచేదీ నడకే, నెత్తిన మూటతో ఎండలో మైళ్ళు నడిచేదీ నడకే. కానీ ఒకామె అలిసిపోతే బెంచీ మీద కూర్చుంటుంది. ఇంకొకామె కూర్చుంటే కూలి పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది. అందుకే నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. నాకు అలుపొస్తే ఇప్పుడే ఆపగలనా? దాహమేస్తే నీళ్ళు తాగి నీడన కూర్చోగలనా? అయిపోయాక తిండీ నిద్రా దొరుకుతాయా? మూడింటికీ అవునంటే అది వ్యాయామం. ఒక్కదానికి కాదన్నా అది చాకిరీ.

తిండి దగ్గరకి వస్తే, రక్తహీనత ఎక్కువని 2022 డిసెంబరులో ముందుగా న్యూట్రిషన్ కిట్లు మొదలుపెట్టిన 9 జిల్లాల్లో మా భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. రక్తం లేని ఒంటితో మూట మోయించి, కాన్పు తేలికవుతుందంటున్నాం!

టౌనులో ఉన్న మనమూ ఇందులోంచి తప్పించుకోలేం. "ఇల్లు ఊడుస్తోంది, వంట చేస్తోంది, ఇంకా వేరే వ్యాయామం ఎందుకు?" అనే అత్తగార్లూ, మొగుళ్ళూ మన ఇళ్ళలోనే ఉన్నారు. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడితే కాళ్ళు వాస్తాయి తప్ప బలం రాదు. ఇంటిపని చేశావు కాబట్టి నడక అక్కర్లేదనడం, నడవాలంటే ఇంటిపనంతా ముగించుకుని వెళ్ళమనడం, రెండూ ఒకటే.

ఆపరేషన్ అయిన పిల్లని "బద్ధకంగా పడుకున్నావు, అందుకే కోశారు" అనేవాళ్ళకీ ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళిన ఆడవాళ్ళు నడిచి, ప్రైవేటుకి వెళ్ళినవాళ్ళంతా పడుకున్నారా? అంత తేడా ఆడదాని కాళ్ళలోంచి రాదండీ. బిల్లులూ, భయాలూ, ముహూర్తాలూ అన్నీ ఉన్నాయి అందులో. నడక మేలు చేస్తుంది, నిజమే. కానీ మామూలు కాన్పుకి అది హామీపత్రం కాదు, ఆపరేషన్ అయితే తల్లి మీద మోపే నేరమూ కాదు.

మరి ఏం చెయ్యాలంటారా? డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి. మొదటి మూడు నెలలు వాంతులతో లేవలేకపోతే పది నిమిషాలు చాలు. నాలుగో నెల నుంచి మెల్లగా అరగంటకి పెంచండి. నడకతో పాటు గోడ పట్టుకుని సగం దాకా కూర్చుని లేవండి. వెల్లకిలా పడుకుని చేసేవి అప్పట్నుంచి మానెయ్యండి. ఏడో నెల దాటాక పొట్ట ముందుకొచ్చి తూకం తప్పుతుంది కాబట్టి వేగం తగ్గించి, ఎత్తుపల్లాలు లేని చోట నడవండి. ఎప్పుడైనా సరే, నడుస్తూ పక్కనామెతో మాట్లాడగలగాలి. మాట తడబడేంత ఆయాసం వస్తే తగ్గించండి. మా ఎండలకి పొద్దున ఆరున్నరలోపే ముగించడం మేలు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒక పిక్కలో నొప్పీ వాపూ, ఆగాగి వచ్చే కడుపునొప్పులు, వీటిలో ఏది వచ్చినా ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి.

అడవి అంచు ఊళ్ళలోని చెల్లెళ్ళకి కావాల్సింది నడక పాఠం కాదు. వాళ్ళు మనకంటే ఎక్కువే నడుస్తారు, చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేల్లో నొప్పులొచ్చాక కూడా. వాళ్ళకి కావాల్సింది విశ్రాంతి, ఆ రోజు కూలి పోకుండా. 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు ఇస్తామన్నది ఆ కూలి నష్టం కోసమే. అంటే కడుపుతో ఉన్న మనిషికి విశ్రాంతి బాకీ ఉన్నామని సర్కారే ఒప్పుకుంది. మిరపచేను ఉన్న ఇంటి ఆడవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. గర్భిణి కూలికి వస్తే ఆమెకి కల్లం దగ్గర నీడన తాలుకాయలు ఏరే పని ఇవ్వండి, అందరితో సమానంగా కూలి కట్టండి, తాగడానికి నీళ్ళూ వెళ్ళడానికి ఒక చాటూ ఏర్పాటు చెయ్యండి. దానికి జీవో అక్కర్లేదు, మనింట్లో మన మాట చెల్లించుకుంటే చాలు.

టౌనులో కోడలికి రోజూ అరగంట వదలండి, ఆ అరగంట పొయ్యి మీ అబ్బాయి చూసుకుంటాడు. ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో ఆమె ఒళ్ళు ఆమెకి చెప్తుంది.