న్యూట్రాన్ నక్షత్రం లెక్క మనకెందుకంటారా?

"చెనిక్కాయ పంట లెక్కే తేలడం లేదు, నక్షత్రాల లెక్కలెందుకు నాయనా?" అని మా ఊళ్లలో పెద్దలు అడుగుతుంటారు. అడగడంలో తప్పులేదు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పాసైనవాళ్లం మేము. మా మొదటి జీతం కోసం ఇల్లంతా ఎదురుచూస్తోంది. అయినా మా అభిప్రాయం వేరు.

సూర్యుడి కంటే ఎక్కువ ద్రవ్యరాశి ఇరవై, పాతిక కిలోమీటర్ల వెడల్పు గోళంలో ఇమిడిపోతే అది న్యూట్రాన్ నక్షత్రం. ముదిగుబ్బలో బస్సెక్కితే కదిరి రాకముందే దాని వెడల్పంతా దాటేస్తాం! దాని నడిబొడ్డున న్యూట్రాన్లు నలిగి క్వార్కులు విడిపోతాయా లేదా అన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. క్వార్కుల మధ్య బలానికి సమీకరణాలు తెలుసు. వాటిని లెక్కకట్టే దారి 1974లో కెన్నెత్ విల్సన్ చూపారు. స్థలాన్నీ కాలాన్నీ గడులుగా కోసి, ఇంటర్‌లో చదివిన స్ఫటిక జాలకంలా పేర్చి, కంప్యూటర్‌కు అప్పగించడమే. క్వార్కులూ వాటి ప్రతికణాలూ సమానంగా ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. ప్రోటాన్లు కరిగిపోయే వేడి సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలని అలాగే తేల్చారు.

క్వార్కులు కిక్కిరిస్తేనే చిక్కు. సంభావ్యతలు ధనసంఖ్యలుగా ఉండవు. మండీలో కోటి రూపాయల జమ, ఒక్క రూపాయి తక్కువగా కోటి ఖర్చు ఉందనుకోండి. ఆ మిగిలిన రూపాయే మనకు కావాలి. ఎక్కడ కొంచెం తప్పినా అది గల్లంతే. దీన్ని 'సైన్ ప్రాబ్లెమ్' అంటారు. ముంబైలోని టాటా సంస్థలో రాజీవ్ గవాయి, సౌరేందు గుప్తా మనం డిగ్రీలో చదివే టేలర్ శ్రేణితోనే దీన్ని కొంతదూరం దాటారు. నక్షత్రం గర్భం దాకా మాత్రం ఆ దారి పోదు. ఏ దేశంవాళ్లయినా అక్కడే ఆగి ఉన్నారు. మాకు ధైర్యమిచ్చేది అదే.

మరి మన హాస్టళ్లలో డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ అనే మాటలే వినిపిస్తాయేం? అవి వద్దనడం లేదు. బి.ఎస్సీ. తర్వాత జామ్ పరీక్ష రాసి బెంగళూరు ఐఐఎస్సీకి పోవచ్చని చెప్పేవారేరీ? 2023 నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. ఇంటికి పంపడానికీ మిగులుతుంది.

వార్డెన్ గారికి మా మనవి ఒక్కటే. హాస్టల్‌కు రెండు పాత కంప్యూటర్లయినా చాలు, లినక్స్ ఉచితం. ఒకటి రెండు కొలతల చిన్న జాలకాలు వాటిమీదే నడుస్తాయి. తమ్ముళ్లకు ప్రోగ్రాం రాయడం నేర్పడానికి ఆదివారాలు మేమొస్తాం.