నల్లా కట్టేసి బిల్డరును పట్టలేరు

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) చూపించాకే ఏ భవనానికైనా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో ఇంటి స్థలంలో దుకాణాలు కట్టుకున్న కేసు అది. తెలుగువాళ్లకు ఈ షరతు కొత్తగా వచ్చింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్‌లో జీవో 168తో తెచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. ఓసీ లేని భవనానికి రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు, ఇస్తే ఓసీ తెచ్చేదాకా మూడు రెట్ల ఛార్జీ గుంజాలి. ఇది చాలదన్నట్టు ఏటా ఆస్తిపన్నుకు రెండింతల జరిమానా. రాష్ట్రం విడిపోయినా ఆ ఆలోచన మారలేదు. అక్రమ కట్టడాలను ఆపి తీరాలి, అందులో ఈ పత్రికకు రెండో మాట లేదు. కానీ అందుకు తాగే నీటినీ, మురుగు పోయే దారినీ పట్టి బిగించడం అన్యాయం, పైగా ఊరి ఆరోగ్యానికి ప్రమాదం. జనం కాపురం ఉంటున్న ఇంటికి నీటి, డ్రైనేజీ కనెక్షన్ ఇవ్వడానికి ఓసీని షరతుగా పెట్టడం రెండు ప్రభుత్వాలూ మానుకోవాలి.

ఓసీ తేవలసింది ఎవరు? కట్టినవాడు. నిర్మాణం పూర్తయిందని ఆర్కిటెక్టు సంతకంతో మున్సిపాలిటీకి తెలిపి, తనిఖీ చేయించుకుని, పత్రం తీసుకోవాల్సింది బిల్డరు. అతను నాలుగంతస్తులకు ప్లాను తీసుకుని ఐదోది లేపుతాడు, సెట్‌బ్యాక్ వదలడు, పైన పెంట్‌హౌస్ వేస్తాడు. ఇదేమీ రాత్రికి రాత్రి జరిగేది కాదు. పునాది గొయ్యి నుంచి పిట్టగోడ దాకా నెలల తరబడి నడిరోడ్డు పక్కన జరుగుతుంది. టౌన్‌ప్లానింగ్ సిబ్బంది ఒక్కో స్లాబు పడుతున్నప్పుడే ఆపగలరు, ఆపరు. ఆ తర్వాత ఫ్లాట్లు అమ్ముడవుతాయి. రిజిస్ట్రేషన్ శాఖ స్టాంపు డ్యూటీ తీసుకుంటుంది, బ్యాంకు అప్పిస్తుంది, మున్సిపాలిటీ ఇంటి నంబరు వేసి పన్ను వసూలు చేస్తుంది. ఇన్ని చేతులు దాటి, జీవితకాలపు పొదుపు పోసి కొనుక్కున్న కుటుంబం సామాను దించుకుని నల్లా కోసం దరఖాస్తు పెట్టినప్పుడు నిబంధన నిద్ర లేస్తుంది. అప్పటికి బిల్డరు వేరే వీధిలో వేరే పునాది తవ్విస్తుంటాడు.

ఇక ఆ కుటుంబం చేయగలిగింది ఏముంది? ఉల్లంఘన ఉంది కాబట్టి ఓసీ రాదు. ఉల్లంఘన తీసేయాలంటే ఐదో అంతస్తు కూల్చాలి, అది వాళ్ల చేతిలో పని కాదు. రెండో అంతస్తులో ఉన్నవాళ్లు ప్లాను ప్రకారం కట్టిన ఫ్లాటులోనే ఉన్నా, పైవాడి తప్పుకు కింద నీళ్లు ఆగుతాయి. అద్దెకుండేవాళ్ల మాట ఎత్తే దిక్కే లేదు. దరఖాస్తు ఫారం యజమాని కాగితాలనే అడుగుతుంది. ఆ నీళ్లు తాగేది వాళ్లే అయినా ఆ దరఖాస్తులో వాళ్ల పేరుకు చోటు లేదు.

నీళ్లు ఇవ్వనంత మాత్రాన ఆ ఇంట్లో మనుషులు నీళ్లు తాగడం మానరు. బోరు వేస్తారు, అది ఎండితే ట్యాంకరు పిలుస్తారు. హైదరాబాద్‌లో 2021 నుంచి గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తున్నారు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. మీటరు బిగించుకుని ఆధార్ జోడించుకున్న ఇంటికి నాలుగు ట్యాంకర్ల నీళ్లు ఉచితం. కనెక్షనే లేని ఇంటికి ఒక్క బిందె కూడా దక్కదు, అదే నాలుగు ట్యాంకర్లు డబ్బు పోసి కొనుక్కోవాలి. అదే వీధి, ఇంకా ఎక్కువ పన్ను.

డ్రైనేజీ కనెక్షన్ నిరాకరించడం ఇంతకంటే పెద్ద తప్పు. నీళ్లివ్వకపోతే కష్టం ఆ ఇంటివరకే ఉంటుంది. మురుగు కలపనివ్వకపోతే ఆ మురుగు ఊరి మీదికి వస్తుంది. మనిషి శరీరం సర్టిఫికెట్ కోసం ఆగదు. ఇరవై కుటుంబాలున్న అపార్టుమెంటు నుంచి రోజూ వేల లీటర్ల మురుగు ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే. దారి చూపకపోతే అది వాననీటి కాలువలోకి, పక్క ఖాళీ ప్లాటులోకి, నాలాలోకి, చివరికి చెరువులోకి పోతుంది. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలతో పాటు నగర మురుగుకూ ప్రణాళిక వేశారు. మురుగు ఇంటింటి సొంత వ్యవహారం కాదన్న ఎరుక ఆనాటికే ఉంది. ఈ కాలంలో హైదరాబాద్‌లో 3,866 కోట్ల రూపాయల అంచనాతో 31 మురుగుశుద్ధి కేంద్రాలు తలపెట్టారు. ఇంటి మురుగును గొట్టంలోకి రానివ్వకుండా అంత డబ్బు పోసి కేంద్రాలు కట్టి ప్రయోజనం ఏమిటి? 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణ ఇళ్లలో భూగర్భ డ్రైనేజీకి కలిసిన మరుగుదొడ్లు ఉన్నవి 32.7 శాతమే. అప్పటికి మూడింట రెండు వంతుల ఇళ్లను కలపాల్సి ఉన్న దేశం, కలపమని వచ్చినవాళ్లను వెనక్కి పంపుతోంది.

వెనక్కి పంపితే ఏం జరుగుతుందో కాలనీల్లో అందరికీ తెలుసు. రాత్రిపూట ఇద్దరు కూలీలొస్తారు. రోడ్డు పగలగొడతారు, మ్యాన్‌హోల్ గోడకు కన్నం వేసి గొట్టం దూర్చి, సిమెంటు మెత్తి, మట్టి కప్పి వెళ్లిపోతారు. పక్కనే మంచినీటి లైను పోతోందా, ఆ గొట్టం దాని మీదుగా వెళ్లిందా కింద నుంచి వెళ్లిందా అన్నది ఎవరూ చూడరు. మురుగు లైనుకు మంచినీటి లైను మూడు మీటర్ల ఎడంగా ఉండాలని, ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే మంచినీటిది పైన ఉండాలని ఇంజినీరింగు ప్రమాణాలు చెబుతాయి. దొంగ కనెక్షన్‌కు ప్రమాణం ఉండదు. ఏ పటంలోనూ అది కనిపించదు కూడా.

ఈ ప్రమాదం మన ఊళ్లలో ఎందుకు ఎక్కువో చెప్పుకోవాలి. మనకు నీళ్లు రోజంతా రావు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. పగులు ఉన్నా లోపలి నీరే బయటికి కారుతుంది. సరఫరా ఆపగానే గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ అవుతూ చుట్టుపక్కల మట్టిలో ఉన్న తడిని అతుకుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. ఆ తడి మురుగైతే, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. నల్లాకు నేరుగా మోటారు పెట్టి లాగేవాళ్లుంటే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటితో ప్రాణాలు పోయాయి. రెండుచోట్లా వేలెత్తి చూపింది మంచినీటిలో మురుగు కలవడాన్నే. ఓసీ ఉన్న ఇంట్లో పసిపిల్లకైనా, లేని ఇంట్లో పసిపిల్లకైనా ఒకే లైను నుంచి నీళ్లొస్తాయి. పక్కింటికి పద్ధతిగా డ్రైనేజీ కనెక్షన్ ఇవ్వకపోతే ఆ మురుగు తెచ్చే జబ్బు మనింటికీ వస్తుంది.

దొంగ కనెక్షన్ల మూల్యం చెల్లించేవారు ఇంకొకరున్నారు. పగలగొట్టిన మ్యాన్‌హోల్‌లోకి రాళ్లు, సిమెంటు పెళ్లలు పడతాయి. లైను పూడుకుంటుంది. పూడిక తీయడానికి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా దించుతూనే ఉన్నారు, విషవాయువుకు చనిపోతూనే ఉన్నారు. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ చావులను ఆపమనే అడుగుతున్నారు. లెక్కలో లేని ప్రతి గొట్టం ఎవరో ఒకరిని ఆ గుంతలోకి దించే రోజును దగ్గర చేస్తుంది.

న్యాయస్థానం ఆదేశించాక ఇంకేం చేయగలమని అధికారులు అనవచ్చు. అదే సుప్రీంకోర్టు ముందుకు గతంలో మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల కేసు వెళ్లింది. కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకీ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో, 2000 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు తాగునీటి హక్కును జీవించే హక్కులో భాగమంది. పౌరులకు శుభ్రమైన తాగునీరు అందించడం రాజ్యం విధి అంది. బొంబాయి హైకోర్టు 2014 డిసెంబర్‌లో ‘పానీ హక్ సమితి’ కేసులో ఇంకా తేటగా చెప్పింది. 2000 సంవత్సరం తర్వాత వెలసిన అక్రమ మురికివాడలకు నీళ్లివ్వబోమని ముంబయి కార్పొరేషన్ వాదించింది. ధర ఎక్కువ పెట్టుకోవచ్చు, వీధి కుళాయి ద్వారా ఇవ్వవచ్చు, కానీ అసలే ఇవ్వకుండా ఉండటానికి వీల్లేదని కోర్టు తేల్చింది. నీళ్లిచ్చినంత మాత్రాన ఆ కట్టడం సక్రమమైపోదని కూడా చెప్పింది. విద్యుత్ చట్టం కూడా 2003లోనే, యజమానే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారు అడిగినా కనెక్షన్ ఇవ్వాలని 43వ సెక్షన్‌లో రాసుకుంది. కరెంటు విషయంలో ఉంటున్న మనిషిని గుర్తించిన చట్టం నీళ్ల విషయంలో గుర్తించకపోవడానికి కారణం కనిపించదు.

కనెక్షన్లు ధారాళంగా ఇస్తే అక్రమ నిర్మాణాలు పెరుగుతాయన్న భయం ఉంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఈ షరతు 2012 నుంచి అమల్లో ఉంది, దాని ఫలితం కళ్లముందే ఉంది. అంతకుముందే 2007 చివర్లో భవన జరిమానా పథకం (బీపీఎస్) పెట్టి అక్రమాలను క్రమబద్ధం చేశారు. తెలంగాణలో 2015లో మళ్లీ భవనాల క్రమబద్ధీకరణ పథకం (బీఆర్ఎస్) పెట్టారు.  నల్లా ఆపడం బిల్డర్లను భయపెట్టే పనైతే మళ్లీ అలాంటి పథకం అవసరమయ్యేదే కాదు. ఫ్లాటు అమ్మేశాక అందులో నీళ్లు రాకపోతే బిల్డరుకు వచ్చే నష్టమేమీ లేదు.

అతన్ని పట్టుకునే తాళ్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. అదే జీవో 168 ప్రకారం అనుమతి ఇచ్చేటప్పుడే కట్టబోయే భవనంలో కొంత భాగాన్ని, పది శాతం నిర్మిత విస్తీర్ణమో ఒక అంతస్తో, మున్సిపాలిటీకి హామీగా రాయించుకుంటారు. ఉల్లంఘిస్తే దాన్ని స్వాధీనం చేసుకోవడానికే ఆ హామీ. దాన్ని వేలం వేసిన మున్సిపాలిటీ ఏది? రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 11వ సెక్షన్ ఓసీ తెచ్చే బాధ్యతను బిల్డరు మీదే పెట్టింది. ఐదు వందల చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్లు దాటని చిన్న అపార్టుమెంట్లు ఆ చట్టం కిందికి రావు. మన వీధుల్లో ఎక్కువగా లేచేవి అవే. మీరట్ తీర్పులోనూ కనెక్షన్ల మాట ఒక్కటే లేదు. ఓసీ వచ్చాకే ఇల్లు అప్పగించాలని, బ్యాంకులు ఓసీ చూసే అప్పివ్వాలని, నిర్మాణ సమయంలో తనిఖీలు జరగాలని, విధి తప్పిన అధికారుల మీద చర్య తీసుకోవాలని ఉంది. ఈ నాలుగూ వదిలి నల్లాను మాత్రం పట్టుకోవడం, బలవంతుడికి భయపడి బలహీనుడి మీద పడటమే.

అసలు కఠినంగా ఉండాల్సిన షరతులు వేరే ఉన్నాయి. అక్కడ మాత్రం అధికారులు చూసీచూడనట్టు పోతున్నారు. మీటరు లేని కనెక్షన్ ఉండకూడదు. ఇంటి డాబా మీది వాననీటిని డ్రైనేజీ గొట్టంలోకి వదలకూడదు. చినుకు పడితే మ్యాన్‌హోళ్లు పొంగడానికి అది ఒక పెద్ద కారణం. హోటలైతే జిడ్డు, ఇసుక ఆగే సిల్ట్ చాంబర్ కట్టాలి. రోడ్డు తవ్వడం, మెయిన్ లైనుకు కలపడం నీటి బోర్డు మనిషి దగ్గరుండి చేయించాలి, గొట్టం ఎంత లోతున, ఏ దారిన పోయిందో పటంలోకి ఎక్కాలి. ఓసీ ఉన్న పది అంతస్తుల భవనమైనా వీటిలో ఒక్కటి తప్పినా కనెక్షన్ ఆపాల్సిందే. నల్లాకు మోటారు పెట్టినవారికి 5,000 రూపాయల జరిమానా వేస్తూ హైదరాబాద్ నీటి బోర్డు జలమండలి 2025 ఏప్రిల్‌లో తనిఖీలు మొదలుపెట్టినప్పుడు ఈ పత్రిక హర్షించింది. నిబంధన అనే మాటకు అలాంటి చోటే అర్థం ఉంటుంది.

పేదల ఇళ్ల దగ్గర కాగితాల బెడద ఇంకో రకం. తెలంగాణ ఒక్క రూపాయికే నల్లా కనెక్షన్ ప్రకటించింది. రూపాయి కట్టగలిగినవాడు పట్టా చూపలేకపోతే ఆ రూపాయి అతనికి ఉపయోగపడదు. ఒడిశాలో ఈ పనికి జలసాథీలని స్వయం సహాయక సంఘాల మహిళలను పెట్టారు. వాళ్లే ఇంటింటికీ వెళ్లి దరఖాస్తు రాయిస్తారు, మీటరు చూస్తారు, బిల్లు వసూలు చేస్తారు. పూరీలో 2021 నుంచి ఇరవై నాలుగు గంటలూ నేరుగా తాగగలిగే కుళాయి నీళ్లు వస్తున్నాయి. డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్న మనకు ఇది చేతకాని పని కాదు.

రెండు ప్రభుత్వాలూ వెంటనే చేయాల్సినవి ఉన్నాయి. 2024 డిసెంబర్ ఆదేశం బిల్డరు అడిగే కనెక్షన్‌కే వర్తిస్తుందా, ఇప్పటికే కాపురాలున్న ఇళ్లకూ వర్తిస్తుందా అన్న స్పష్టత కోసం సుప్రీంకోర్టులో దరఖాస్తు వేయాలి. అక్కడ నాయుడు కేసు తీర్పును ముందు పెట్టి వాదించాలి. ఈలోగా మూడు రెట్ల ఛార్జీని నివాసుల బిల్లు నుంచి తీసేసి, అదనపు రెండు వంతులను హామీగా రాయించుకున్న భాగం అమ్మి బిల్డరు నుంచి రాబట్టాలి. ఇంట్లో ఉంటున్నవారి పేరున, ఆస్తి హక్కుకు గానీ కట్టడం సక్రమతకు గానీ ఇది రుజువు కాదని రాసి ఉన్న కనెక్షన్ పత్రం ఇవ్వాలి. డ్రైనేజీకైతే దరఖాస్తు కోసం ఎదురుచూడటం కూడా తగదు. మెయిన్ లైను ఉన్న ప్రతి వీధిలో కలవని ఇళ్ల జాబితా నీటి బోర్డే తయారు చేసి, తన ఇంజినీర్ల చేత, తన ఖర్చుతో కలిపించి, ఆ ఖర్చును ఆస్తిపన్నుతో పాటు వాయిదాల్లో వసూలు చేసుకోవాలి.