రుజువు చూపవలసింది ఎవరు? – బురైమి తెలుగువారి చర్చా బృందం తీర్మానం

ఆస్తిక, నాస్తిక వాదాల మీద మన శుక్రవారం చర్చలు కొంతకాలంగా "ఉన్నాడని నువ్వు చూపించు", "లేడని నువ్వు చూపించు" అన్న దగ్గరే ఆగిపోతున్నందున;

ఒక సంగతి నిజమని చెప్పేవాడే దాన్ని రుజువు చేయాలన్న సూత్రం 1872 నాటి భారత సాక్ష్య చట్టం 101వ సెక్షన్‌లో ఉండి, 2024 జులై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతున్నందున; సాక్ష్యం చూపడం వాది పని, ప్రమాణం చేయడం కాదన్నవాడి పని అని ఇస్లామిక్ న్యాయ సంప్రదాయం చెబుతున్నందున (కాదన్నవాడూ ఊరికే తప్పుకోలేడన్నమాట);

కనబడనంత మాత్రాన లేదనకూడదని, కనబడవలసినది కనబడనప్పుడే లేదనవచ్చని సుమారు వెయ్యేళ్ల కిందట ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో వాదించినందున; మహిమలు మాత్రం కళ్లెదుట తేలవలసినవే గనుక, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, సరస్వతి దంపతులు నిప్పుల మీద నడిచి చూపడం వంటి బహిరంగ పరీక్షల దారి పట్టినందున;

ఈ సమావేశం తీర్మానించినది ఏమనగా:

దేవుడున్నాడని వాదించేవారు ఆధారం చూపాలి. "నాకు నమ్మకం కుదరలేదు" అని మాత్రమే అనేవారు ఏదీ రుజువు చేయనక్కర్లేదు. "లేడు" అని తేల్చిచెప్పేవారిది కూడా ఒక ప్రతిపాదనే గనుక ఆ బరువు వారూ మోయాలి. మన నాస్తిక మిత్రులు తరచుగా జారుకునేది ఇక్కడే. ఫలానా బాబా మహిమ, ఫలానా స్వస్థత అంటూ పేరుపెట్టి చెప్పేవారు పరీక్షకు ఒప్పుకోవాలి, లేదా ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఆస్తిక మిత్రులు జారుకునేది అక్కడ.

ఇంట్లో చేసుకునే పూజకు, నమాజుకు, ప్రార్థనకు ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. భారం వాదనకే గాని భక్తికి కాదు.

మతాలను అవమానించడం మనముంటున్న ఒమాన్ 2018 శిక్షాస్మృతి ప్రకారం నేరం. సరిహద్దు అవతల, యూఏఈలోని అల్ ఐన్ వైపూ అలాంటి చట్టమే ఉంది. కాబట్టి ప్రవక్తలను, దేవతలను, మతగ్రంథాలను కించపరిచే మాట వచ్చిన వెంటనే అధ్యక్షులు చర్చ ఆపాలి. చట్టం లేకపోయినా ఈ నియమం పెట్టుకోవలసిందే. తిట్టు ఏ పక్షానికీ ఆధారం కాదు.

తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది. దేవుడి విషయంలో కోర్టు సూత్రాలు చెల్లవన్న ఇద్దరు సభ్యుల అసమ్మతిని, వారు కోరిన మేరకు, ఇందులో నమోదు చేయడమైనది.