డోర్నకల్ బిషప్పు నిరాకరించిన కవచము

హైదరాబాదునకు ఉత్తరపు శివారున, నాగారమువంటి కాలనీలలో, ఎన్నికలు సమీపించినప్పుడెల్ల క్రైస్తవ గృహస్థునికి భయమును విక్రయించువారు ఇరువైపులనుండియు బయలుదేరుదురు: నీ ప్రార్థనామందిరము పోవునని ఒకరందురు, నీవలన దేశమే పోవునని మరియొకరందురు.

ఈ బేరము క్రొత్తది కాదు. 1932లో బ్రిటిషు ప్రధాని రామ్సే మాక్‌డొనాల్డు ప్రకటించిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకును ప్రత్యేక నియోజకవర్గముల నొసగినప్పుడు, సంఖ్యాబలము లేని సమాజము దానిని రక్షాకవచముగా భావించుట సహజమే. అయినను, 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై నిజాము రాజ్యములోని డోర్నకల్‌న నెలకొనిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆ కవచము విశ్వాసులను ఇరుగుపొరుగువారినుండి వేరుచేసి, సువార్తను ఓట్ల లెక్కగా మార్చునని తలచి, దానిని ప్రతిఘటించెను. మెతకదనముచే నట్లు చేసెననుకొనరాదు. మతాంతరీకరణ విషయమున గాంధీజీతోనే విభేదించిన మనిషి ఆయన! 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన డోర్నకల్ కథీడ్రలున దేవాలయ శైలి స్తంభములును, మసీదు పోలిక గుమ్మటములును కలిసియుండుట, ఇరుగుపొరుగువారినుండి వేరుపడనొల్లని ఆ మనస్తత్త్వమునకే శిలారూపమని నేననుకొందును.

దీనివలన, నేడు ప్రార్థనామందిరముపై దాడి జరిగినచోట పాస్టరుగారు పోలీసులకు ఫిర్యాదు చేయవలదని నా భావము కాదు; రాజ్యాంగమున 25వ అధికరణమున్నది, న్యాయస్థానములున్నవి. కాని భయమును పంచి ఓట్లు దండుకొనజూచు నాయకునికి ఆదివారపు వేదిక నీయకుండుటయు విశ్వాసములోని భాగమే. భయమునకు లొంగని ఈ వైఖరి అజరయ్యతోనే ముగియలేదు: 1949లో, విభజన గాయములింకను పచ్చిగానున్న దినములలో, మతాధారమైన స్థానముల కేటాయింపును వదలుకొనుటకు రాజ్యాంగసభలో సమ్మతించినవారిలో ఆ సభ ఉపాధ్యక్షుడును, క్రైస్తవుడునైన హరేంద్ర కుమార్ ముఖర్జీ యొకడు.