గిజిగాడి గూటి దగ్గర కాసేపు

కొండమీది ప్రసంగంలో యేసు ప్రభువు జనానికి చూపించినవి ఆకాశపక్షులు, పొలాల్లో పూచే పూలు. తెలుగులో అలాంటి చూపు గుర్రం జాషువాది. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. సాలీడు మీదా, గిజిగాడి మీదా కూడా పద్యాలు చెప్పారు. నన్నడిగితే, ఆ చిన్న ప్రాణుల పద్యాల్లోనూ భక్తికి కొదవ లేదు.

గిజిగాడి గూడు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మగపిట్ట వరి ఆకునో తాటాకునో అంచు కొరికి, సన్నటి పీచుగా చీల్చుకొస్తుంది. ముక్కే దాని పనిముట్టు. కొమ్మ చివర ముడివేసి, చాలాసార్లు నీళ్ల మీదికి వేలాడేలా అల్లుతుంది. పని సగంలో ఉండగా ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. దానికి నచ్చాకే కిందికి దిగే పొడవాటి గొట్టం దారి పూర్తవుతుంది. ఎవరికీ నచ్చకపోతే మగపిట్ట ఇంకో గూటికి మొదటి పోచ తెచ్చుకుంటుంది. అంత చిన్న గుండెలో అంత ఓపిక పెట్టిన దేవునికి స్తోత్రం చెప్పకుండా ఉండలేను.

వానలు మొదలయ్యాయి, గిజిగాళ్లు పనిలో ఉన్నాయి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పిల్లల్ని చెరువుగట్టుకు తీసుకెళ్లండి. గూళ్లను ముట్టుకోకుండా, దూరంగా నిలబడి చూడండి. చూసింది మాకు రాయండి.